42వ నంబరు రోడ్డులో వెలుగు వేళలు

అంగళ్లు నుంచి కుప్పం దాకా: కెమెరా సర్దుకునే ముందు చూసుకోవాల్సిన పంచాంగం, పంట, పొద్దు

శనివారం పదకొండు, పన్నెండు గంటలప్పుడు అంగళ్లు మీదుగా హార్సిలీహిల్స్ వైపు కార్లు బారులు తీరుతాయి. ఎక్కువగా బెంగళూరు బండ్లే. కొండెక్కి, గాలిబండ మీద నిలబడి, జుట్టు ఎగిరిపోతుండగా ఫొటోలు దిగుతారు. ఇంటికెళ్ళి చూసుకుంటే ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. లోయంతా మసక. కనుబొమల నీడ కళ్ళను మింగేసి ఉంటుంది. కెమెరా మంచిది కాదేమో అనుకుని ఇంకాస్త ఖరీదైన ఫోను కొంటారు. ఆ పాత ఫోనుతోనే, ఆ బండ మీదే, పొద్దున ఆరున్నరకు నిలబడి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

అంగళ్లు కురబలకోట మండలంలో, మదనపల్లె పక్కన కదిరి రోడ్డు మీదున్న ఊరు. బయటివాళ్ళకు ఇంజనీరింగ్ కాలేజీ వల్ల, చుట్టుపక్కల రైతులకు టమోటా మార్కెట్ వల్ల ఆ పేరు తెలుసు. ఆ ఊరి మీదుగా పోయే రోడ్డు 42వ నంబరు జాతీయ రహదారి. ఉరవకొండ దగ్గర మొదలై అనంతపురం, కదిరి, ములకలచెరువు దాటి అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం మీదుగా తమిళనాడులో కృష్ణగిరి దగ్గర ముగుస్తుంది. అంగళ్లు నుంచి కుప్పం దాకా ఉన్న ముక్కలోనే కొండ, అడవి, జలపాతం, సంత, మగ్గం, జాతర అన్నీ ఉన్నాయి. తెలుగునాట ఒకే రోడ్డు పట్టుకుని ఇన్ని రకాల ఫొటోలు తీయగలిగిన దారులు తక్కువే. అయినా ఈ దారిలో ఎక్కువమంది ఒక్క కొండ దగ్గర ఆగి వెనక్కి తిరుగుతారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ దారిలో రెండు గడియారాలు చూసుకోవాలి. ఒకటి సూర్యుడిది. రెండోది మనుషుల పనిది. మొదటిది ఫోనులో దొరుకుతుంది. రెండోది రోడ్డు పక్కవాళ్ళను అడిగితేనే తెలుస్తుంది. ఇక్కడ మంచి ఫొటో ఎక్కువగా రెండో గడియారం దగ్గరే ఉంటుందని నా గట్టి నమ్మకం.

అరగంటే మన బంగారు ఘడియ

ఫొటోగ్రఫీ పుస్తకాలు, వీడియోలు గోల్డెన్ అవర్ గురించి తెగ చెప్తాయి. సూర్యుడు ఉదయించాక గంటసేపు, అస్తమించే ముందు గంటసేపు బంగారు వెలుతురు ఉంటుందంటాయి. వాటిలో చాలావరకు యూరప్, అమెరికాల్లో కూర్చుని రాసినవి. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా ఎక్కుతాడు. మదనపల్లె ఉండేది 13.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. రాత్రీ పగలూ సమానంగా ఉండే మార్చి నెలాఖరులో లండన్‌లో గంటకు తొమ్మిది డిగ్రీల చిల్లర పైకి వస్తే, మదనపల్లెలో పద్నాలుగున్నర డిగ్రీలు వస్తాడు. ఆ మెత్తటి పసుపు వెలుతురు మనకు అరగంట దక్కితే గొప్ప. పుస్తకం చదివి గంట ఉందిలే అని టీ తాగడానికి కూర్చుంటే, గ్లాసు కింద పెట్టేసరికి ఎండ తెల్లబడిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అది కాకినాడకు దగ్గర. మదనపల్లె దానికి నాలుగు డిగ్రీలు పడమరన ఉంది కాబట్టి ఇక్కడ పొద్దు దాదాపు పావుగంట ఆలస్యం. జనవరి నడుమ సూర్యోదయం 6.45 ప్రాంతంలో అవుతుంది, సాయంత్రం ఆరు దాటాకే పొద్దు కుంకుతుంది. జూన్ మూడో వారంలో 5.50కే తెల్లవారి, 6.45 దాకా వెలుగు ఉంటుంది. చలికాలంలో కాసేపు ఎక్కువ నిద్రపోయినా ఫొటో దొరుకుతుంది, వేసవిలో దొరకదు. ఉదయించే చోటు కూడా కదులుతుంటుంది. డిసెంబరులో సూర్యుడు నేరు తూర్పుకు ఇరవై నాలుగు డిగ్రీలు దక్షిణంగా లేస్తాడు, జూన్‌లో అంతే ఉత్తరంగా. పోయిన డిసెంబరులో రెండు బండల నడుమ నుంచి వచ్చిన సూర్యుడు జూన్‌లో అదే సందులోంచి రాడు. ఫొటోపిల్స్ లాంటి యాప్‌లు ఏ తేదీన ఏ దిక్కున అన్నది మ్యాపు మీద గీత గీసి చూపిస్తాయి. బయలుదేరే ముందు రాత్రి ఐదు నిమిషాలు అది చూసుకోవడం చాలు.

ఏప్రిల్ చివరి వారంలో, మళ్ళీ ఆగస్టు నడుమ, ఈ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. పిల్లలకు చూపించడానికి చక్కటి రోజు. రాతి శిల్పం ఫొటోకు మాత్రం ఆ నడినెత్తి ఎండ బొత్తిగా పనికిరాదు. శిల్పంలో లోతు కనిపించాలంటే నీడ పక్కకు పడాలి.

ఇంట్లో ఉన్న యాప్

గోడకు వేలాడే పంచాంగం కేలండరును ఫొటోగ్రాఫర్లు పట్టించుకోరు. నా దృష్టిలో అంతకంటే మంచి ప్లానర్ లేదు. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకు కాస్త అటూఇటూగా చంద్రుడు ఎదురు దిక్కున లేస్తాడు. ముందురోజు చతుర్దశి నాడు ముప్పావు గంట పైగా ముందే వస్తాడు, అప్పటికి నేల మీద ఇంకా పగటి వెలుగు ఉంటుంది. కొండ, గుడి, చంద్రుడు మూడూ ఒకే ఫొటోలో కనపడాలంటే చతుర్దశే మేలు. పౌర్ణమి దాటాక పాడ్యమి, విదియలకు నేల చీకటైపోయి చంద్రుడొక్కడే తెల్లటి చుక్కలా మిగులుతాడు. నక్షత్రాలు కావాలంటే అమావాస్య చుట్టుపక్కల వెళ్ళాలి. మార్చి, ఏప్రిల్ అమావాస్యలకు తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలప్పుడు పాలపుంత నడిగుండె ఆగ్నేయం నుంచి దక్షిణం వైపు సాగుతూ కనిపిస్తుంది. హార్సిలీహిల్స్ మీది నుంచి మదనపల్లె దీపాల వెలుగు పడని దిక్కు చూసుకుని నిలబడితే ఆ దృశ్యం ఫోను కెమెరాకూ చిక్కుతుంది, చిన్న ట్రైపాడ్ ఉంటే.

కార్తెలు కూడా చూడండి. రోహిణి కార్తె ఎండల్లో గాలిలో దుమ్ము లేచి దూరపు కొండలు కనిపించకుండా పోతాయి. దూరదృశ్యాల ఆశ వదిలేసి దగ్గర ఫొటోలకు వెళ్ళాల్సిన రోజులవి. మృగశిరకు మబ్బు పట్టినా ఈ ప్రాంతంలో అసలు వాన ఆగస్టు నుంచి నవంబరు దాకా పడుతుంది. చిత్త, స్వాతి కార్తెల వానలకు గాలి కడిగినట్టవుతుంది. రాత్రి వాన కురిసి తెల్లారి తెరిపిచ్చిన రోజున ఎక్కడున్నా లేచి కెమెరా పట్టుకోవాలి. ఏడాది మొత్తంలో ఒక్క నెల ఎంచుకోమంటే నేను కార్తీకం ఎంచుకుంటాను. చెరువుల్లో నీళ్ళుంటాయి, చేలు పచ్చగా ఉంటాయి, పౌర్ణమి ఆకాశం తేటగా ఉంటుంది.

టమోటా వేళ

మదనపల్లె టమోటా మార్కెట్‌కు ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరు. నీరుగట్టువారిపల్లె దగ్గర ఉంటుంది. అంగళ్లులోనూ మార్కెట్ ఉంది. వీటికి పర్యాటక శాఖ బోర్డులు లేవు, సెల్ఫీ పాయింట్లు లేవు. ఈ దారిలో అన్నిటికంటే బలమైన ఫొటోలు ఇక్కడే ఉన్నాయి.

పంట ఏడాది పొడుగునా వస్తుంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా రద్దీ ఎక్కువ. తెల్లవారకముందే ట్రాక్టర్లు, ఆటోలు, మినీ లారీలు మార్కెట్లోకి చేరుతాయి. ప్లాస్టిక్ బాక్సులు దింపడం, మండీల ముందు రాశులు పోయడం, కాయ ఎంచి గ్రేడు చేయడం, తర్వాత వేలం, ఆ తర్వాత మళ్ళీ బాక్సులకెత్తి దూర రాష్ట్రాల లారీలకు ఎక్కించడం. ఈ వరసలో ప్రతి అడుగుకూ ఒక వెలుతురు ఉంది. చీకట్లో బండ్ల హెడ్‌లైట్ల ముందు బాక్సు మోసే మనిషి నీడలా కనిపిస్తాడు. ఆకాశం నీలంగా మారి, షెడ్లలో బల్బులు ఇంకా వెలుగుతున్న ఆ ఇరవై నిమిషాల్లో ఎరుపు, నీలం, పసుపు మూడూ ఒకే ఫ్రేములో కుదురుతాయి. ఆ తర్వాత పొద్దు పొడిచి, ఏటవాలు ఎండ షెడ్డు కిందికి దూరితే రాశులు నిగనిగలాడతాయి. సరిగ్గా అప్పుడే వేలం పాటల గొంతులు లేస్తాయి. మెత్తటి వెలుగు, ముమ్మరమైన పని ఒకే వేళకు కలిసే చోటు ఇది. తొమ్మిదిన్నరకు నింపాదిగా టిఫిన్ చేసి వెళ్తే ఖాళీ బాక్సులు, నలిగిన కాయలు మిగిలి ఉంటాయి.

ఎలా తీయాలన్నది చెప్పాలంటే, రాశి ఫొటో ఎవరైనా తీస్తారు. వేలం జరుగుతున్నప్పుడు కెమెరాను రాశి మీది నుంచి తప్పించి రైతు మొహం వైపు తిప్పండి. తన కాయ రేటు పలుకుతున్న ఆ కొద్ది క్షణాలు ఆయన చూపు ఎక్కడుంటుందో గమనించండి. నెలల కష్టం ఆ కాసేపట్లో తేలిపోతుంది. ముందు మాట కలపండి. "అన్నా, ఒక ఫొటో తీసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్ళు తక్కువ. "ఏం రేటు పలికిందన్నా?" అని అడగడం అంతకంటే మంచి పలకరింపు. ఆ జవాబు రాసుకోండి.

ఎందుకంటే, టమోటా రాశి ఎప్పుడూ ఒకేలా ఎర్రగా అందంగా ఉంటుంది. ధర అలా ఉండదు. 2023 జూలైలో ఇదే మార్కెట్లో కిలో నూటయాభై రూపాయలు దాటింది, దేశమంతా మదనపల్లె వైపు చూసింది. కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిన కాలాలూ ఉన్నాయి. రెండు రోజుల ఫొటోలూ పక్కపక్కన పెడితే రంగులో తేడా తెలియదు. అందుకే ఈ మార్కెట్ ఫొటో ఎవరు ఎక్కడ పెట్టినా కింద తేదీ, ఆ రోజు కిలో ధర రాయాలని నా విన్నపం. ఆ రెండు అంకెలు లేకపోతే ఆ ఎరుపు అబద్ధం చెప్తుంది.

మార్కెట్‌కు వెళ్ళలేనివాళ్ళు అంగళ్లు చుట్టుపక్కల తోటలకు వెళ్ళొచ్చు. మొక్కలకు కర్రలు నాటి దారాలు లాగి కట్టిన సాళ్ళు పొద్దున ఎండలో గీతలు గీసినట్టు ఉంటాయి. కోతకు ఆడవాళ్ళు పొద్దునే దిగుతారు. గట్టు మీద నిలబడి తోట యజమానిని అడిగి లోపలికి వెళ్ళండి, దారాల మీద కాలు పెట్టకండి.

మల్లమ్మ కొండ

ఇక హార్సిలీహిల్స్. దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగుల సాకుడులో పెరిగి, కొండవాళ్ళ రోగాలు నయం చేసిన మల్లమ్మ అనే అమ్మాయి ఒకరోజు కనిపించకుండా పోయిందని కథ. ఆమె గుడి ఇప్పటికీ ఉంది. కడప కలెక్టరుగా చేసిన డబ్ల్యూ.డి. హార్సిలీ 1870 ప్రాంతంలో ఇక్కడ వేసవి బంగళా కట్టుకున్నాక ఆయన పేరు పడింది. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. కొండ ఎత్తు నాలుగు వేల అడుగులకు పైనే. కింద మదనపల్లె ఎండకు మాడుతున్నా పైన చల్లగా ఉంటుంది.

ఇక్కడ రాత్రి బస చేస్తేనే ఫొటో దక్కుతుంది. నవంబరు నుంచి జనవరి దాకా చలి రాత్రుల్లో నేల చల్లబడి, బరువెక్కిన గాలి లోయల్లోకి జారుతుంది. తేమ ఉంటే అక్కడే మంచుగా పేరుకుంటుంది. తెల్లారేసరికి కొండ మీద ఆకాశం తేటగా, కింద లోయ మంచుతో నిండి, గుట్టల తలలు మాత్రం పైకి తేలి కనిపిస్తాయి. ఎండ తగిలిన కాసేపటికి అది విడిపోతుంది. వానాకాలంలో పరిస్థితి తిరగబడుతుంది. మేఘమే కొండను కప్పేస్తుంది. పది అడుగుల అవతల ఏమీ కనిపించదు. చాలామంది విసుక్కుని గదిలో కూర్చుంటారు. నీలగిరి చెట్ల ఫొటోకు అంతకంటే మంచి వేళ ఉండదు. మామూలు రోజున వెనక రెసార్టు, బోర్డులు, కార్లు అన్నీ ఫ్రేములోకి వస్తాయి. మంచు వాటిని తుడిచేసి చెట్టును ఒంటరిగా నిలబెడుతుంది. మహావృక్ష పురస్కారం పొందిన ఇక్కడి పాత నీలగిరి చెట్టు ఎత్తు అంతా అప్పుడే తెలుస్తుంది.

ఈ బండలు దక్కను నేల అడుగున ఉన్న అతి పురాతన శిలలు, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వాన తడికి నల్లబడతాయి, ఎండు రోజున సాయంత్రపు ఎండకు గులాబి రంగు తేలుతుంది. ఈ రాళ్ళ గుట్టల మధ్యే పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతపు రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించదు, సంఖ్య తగ్గిపోతున్న పక్షుల జాబితాలో ఉంది. పొద్దున తొమ్మిదిలోపు పొదల దగ్గర కదలకుండా కూర్చున్నవాళ్ళకు కనిపించే అవకాశం ఉంది. దాని కూతను ఫోనులో వినిపించి రప్పించే పని ఎవరూ చేయవద్దు. గూడు కట్టే కాలంలో ఆ పిలుపుకు వచ్చిన పక్షి గుడ్లు వదిలి వచ్చినట్టే.

కొండ కింది రిషివ్యాలీని మర్చిపోకూడదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనతో 1926లో మొదలైన బడి అది. బోడిగా ఉండే లోయలో చెట్లు నాటి, వాన నీటిని నేలలోకి ఇంకించి, 1991లో పక్షుల సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. అయితే అది పిల్లలు చదువుకునే చోటు. ముందుగా అనుమతి అడిగి, ఇస్తేనే వెళ్ళాలి. గేటు ముందు కారు ఆపి తగవు పడేవాళ్ళను చూస్తే కష్టంగా ఉంటుంది.

మధ్యాహ్నం ఏం చేయాలి?

పదింటి నుంచి మూడున్నర దాకా బయట ఎండ ఫొటోకు శత్రువు. లోపల మాత్రం అప్పుడే పండగ. నీరుగట్టువారిపల్లెలో పట్టు చీరలు నేసే ఇళ్ళున్నాయి. మగ్గం గదికి ఒక కిటికీయో తలుపో ఉంటుంది. బయటి ఎండ వీధి నేల మీద పడి, తిరిగి ఆ తలుపులోంచి లోపలికి మెత్తగా వస్తుంది. పట్టు పోగు మీద ఆ వెలుతురు నిలిచినట్టు మరే వెలుతురూ నిలవదు. ఫ్లాష్ వేస్తే అదంతా చచ్చిపోతుంది. నేతగాడి చేయి కదలిక అలుక్కుపోయినా పరవాలేదు, పడుగు స్పష్టంగా ఉంటే చాలు.

పట్టు కథ చేలో మొదలవుతుంది. మదనపల్లె నుంచి కుప్పం దాకా రోడ్డుకు రెండు పక్కలా మల్బరీ తోటలు ఉన్నాయి. పురుగులు పండుబారి గూడు కట్టే రోజుల్లో వాటిని వెదురుతో అల్లిన చంద్రికల మీద వేస్తారు. గుండ్రటి చుట్టల్లో పసుపు గూళ్ళు నిండిన చంద్రికను ఆరుబయట నిలబెట్టినప్పుడు చూడాలి! కానీ పెంపకం షెడ్డులోకి బయటివాళ్ళు చొరబడకూడదు. మన చెప్పులతో, చేతులతో వచ్చిన రోగం ఒక పంటను మొత్తం తుడిచేయగలదు. రైతు వద్దంటే అందులో నూరుపాళ్ళు న్యాయం ఉంది. పట్టుగూళ్ళ మార్కెట్‌కు వెళ్తే గూళ్ళూ, మనుషులూ, బేరాలూ ఆరుబయటే దొరుకుతాయి.

మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది, 1915 నాటిది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో ఇక్కడ బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి తెచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరాలు రాశారు. కాలేజీ అనుమతి తీసుకుని, సెలవు రోజు సాయంత్రం వెళ్తే గోడల మీద చెట్ల నీడలు పడే వేళ దొరుకుతుంది.

అంగళ్లు నుంచి వెనక్కి, కదిరి వైపు పోతే ములకలచెరువు మండలం సోంపల్లెలో చెన్నకేశవస్వామి గుడి వస్తుంది. ముందర ఎత్తయిన రాతి స్తంభం, లోపల విజయనగర శైలి వర్ణచిత్రాలు. స్తంభాన్ని పొద్దునో సాయంత్రమో తీయాలి. చిత్రాలను మధ్యాహ్నం, నేల మీది నుంచి పైకి తిరిగి కొట్టే వెలుతురులో తీయాలి. వాటి మీద ఫ్లాష్ వద్దు. వందల ఏళ్ళ రంగులవి. గుర్రంకొండ కోట, దాని కింది రంగీన్ మహల్ ఇంకో దిక్కున, వాయల్పాడు దాటాక ఉంటాయి. దానికి విడిగా ఒక రోజు కేటాయించడం మేలు.

పొట్టి ఆవు, పెద్ద ఏనుగు

పుంగనూరు అనగానే ఆవు. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి, చాలావాటి ఎత్తు మూడడుగుల లోపే. అంతరించిపోతుందని భయపడిన జాతి, పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడారు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక దేశమంతా వీటి మీద పడింది. అయినా సొంత ఊరి చుట్టుపక్కలే ఇవి అరుదు. కనబడితే నిలబడి పైనుంచి తీయకండి. దూడ కంటే చిన్నగా కనిపిస్తుంది తప్ప దాని ఠీవి రాదు. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళ ఎత్తుకు కెమెరా దించి, పక్కన మనిషిని నిలబెడితే ఎత్తూ తెలుస్తుంది, గౌరవమూ దక్కుతుంది. సాయంత్రం పాలు పితికే వేళ అందుకు అనువైనది.

పుంగనూరు దగ్గర చౌడేపల్లె మండలంలో బోయకొండ గంగమ్మ ఉంది. సెలవు రోజుల్లో జనం పోటెత్తుతారు. తోపులాటలో కెమెరా ఎత్తడం కంటే కొండ కింద వంటలు చేసుకునే కుటుంబాల దగ్గర కూర్చోవడం మంచిది. పొగ, ఎండ, చెట్టు నీడ కలిసిన ఆ వెలుతురు చాలా బాగుంటుంది.

పలమనేరు దాటాక రోడ్డు కౌండిన్య అభయారణ్యం అంచులకు చేరుతుంది. ఇక్కడ ఏనుగులు ఉన్నాయి. 1980ల్లో కర్ణాటక, తమిళనాడు అడవుల నుంచి వచ్చి స్థిరపడ్డాయి. ఏనుగు ఫొటో కోసం సాయంత్రం అడవి అంచుల్లో బండి ఆపి తిరగడం చాలా ప్రమాదం. రాత్రిళ్ళు పంటల మీద పడే ఏనుగులకూ, పంట కాపాడుకునే రైతులకూ మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న బాధ అది. మనుషులు చనిపోయారు, కరెంటు తీగలకు ఏనుగులు చనిపోయాయి. 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన ఏనుగులను తెప్పించింది అందుకే. అలాంటి చోట మన ఫొటో సరదా ఇంకో గొడవ తేకూడదు. ఏనుగు కథ చెప్పాలనుకునేవాళ్ళు పగలు ఊళ్ళోకి వెళ్ళి, తొక్కిన చేను గట్టు మీద నిలబడ్డ రైతును తీయండి. ఆయన కట్టుకున్న మంచె తీయండి. అభయారణ్యంలో డ్రోన్‌కు అటవీశాఖ అనుమతి ఉండాల్సిందే.

పలమనేరు, కుప్పం మధ్య కైగల్ జలపాతం ఉంది, ఊళ్ళవాళ్ళు దుముకురాళ్ళు అంటారు. వేసవిలో వెళ్ళి నిరాశపడొద్దు. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నీటి జోరు చూడొచ్చు. నీరు పట్టు తెరలా రావాలంటే షట్టర్ అరసెకను పైన తెరిచి ఉండాలి, అంటే ఎండ తక్కువ ఉండాలి. మబ్బు రోజో, ఎండ రాళ్ళ మీదికి రాకముందో చూసుకోండి. నాచు పట్టిన రాయి మీద ట్రైపాడ్ కంటే మనిషే ముందు జారతాడు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఒక్కసారిగా నీరు పెరుగుతుంది. మబ్బు కనిపిస్తే ఒడ్డుకు రావాలి.

కుప్పంలో మే నెల

మే నెలలో మధ్యాహ్నం కుప్పం భగ్గుమంటుంది. ఎవరూ ఫొటోలకు రమ్మని చెప్పరు. నేను చెప్తాను, ఎందుకంటే ప్రసన్న తిరుపతి గంగమ్మ జాతర అప్పుడే. అమ్మవారి శిరస్సు ఊరేగింపు, విశ్వరూప దర్శనం చూడటానికి మూడు రాష్ట్రాల జనం వస్తారు. తేదీలు ఏటా మారుతాయి, నెల ముందే కనుక్కోవాలి. జాతరలో వెలుతురు అంటే దీపాలు, హారతి, వీధి బల్బులు. ఫోనులో నైట్ మోడ్ కదిలే జనాన్ని ముద్దగా చేస్తుంది. దాన్ని ఆపేసి, వెలుగు కింద ఎవరైనా నిలబడే దాకా ఓపిక పట్టండి. అమ్మవారికి దారి అడ్డం రాకుండా అరుగు మీదో మేడ మీదో ఇంటివాళ్ళ అనుమతితో చోటు చూసుకోండి. పూనకం వచ్చిన మనిషి మొహం మీద కెమెరా పెట్టొద్దు. పుంగనూరులో జమీందారుల సుగుటూరు గంగమ్మకూ వేసవి మొదట్లో జాతర జరుగుతుంది. ఆ జమీందారుల పాత ప్యాలెస్ పరిసరాలు జాతర దీపాల్లో మరో కళ తెచ్చుకుంటాయి.

కుప్పం వీధుల్లో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. కాసేపు నడిచి ఆ మాటలు వింటూ దుకాణాలు, మనుషులు చూడండి. దగ్గర్లోనే కంగుంది కోట కొండ ఉంది. నిలువెత్తు రాయి, సాయంత్రం ఏటవాలు ఎండకు దాని గీతలన్నీ బయటపడతాయి. ఎక్కినవాళ్ళు వెలుగుండగానే దిగేలా చూసుకోవాలి.

కార్తీకంలో రెండు రోజులే ఉన్నాయనుకుంటే నేనిలా వేసుకుంటాను. శుక్రవారం రాత్రికే హార్సిలీహిల్స్ చేరి బస. శనివారం తెల్లారి బండ మీద మంచు, తొమ్మిది దాకా పక్షులు. పన్నెండింటికి సోంపల్లె, మూడింటికి నీరుగట్టువారిపల్లె మగ్గాలు, రాత్రి మదనపల్లెలో. ఆదివారం చీకటితో లేచి టమోటా మార్కెట్, ఎనిమిదికల్లా పుంగనూరు దారి. మబ్బుంటే కైగల్ దగ్గర ఆగాలి, ఎండుంటే ఆగకుండా పోయి నాలుగుకు కంగుంది కింద ఉండాలి. కారు లేనివాళ్ళకు పలమనేరు నుంచి కుప్పానికి బస్సులున్నాయి, కుప్పం నుంచి బెంగళూరుకు రైళ్ళున్నాయి. రైలు వేళ ముందే చూసుకోండి. మార్కెట్లో ఫొటో తీసిన రైతు నంబరు ఇచ్చి ఉంటే, ఆ ఫొటో రైల్లోనే ఆయనకు పంపేయండి.